పాత సర్వరు చిరునామా ఎక్కడుంటుంది?

కడప జిల్లా చిలమకూరు సిమెంటు ఫ్యాక్టరీ మొదట కోరమాండల్ వాళ్ళది. 1990లో ఇండియా సిమెంట్స్ కొన్నది. 2024 డిసెంబరులో ఆ కంపెనీ పగ్గాలే అల్ట్రాటెక్ చేతికి వెళ్ళాయి. యజమాని ఎవరైనా కిల్న్ స్వభావం ఒక్కటే. సున్నపురాయిని 1450 డిగ్రీల దాకా కాల్చి క్లింకరు చేసే ఆ గొట్టాన్ని ఒకసారి వెలిగించారంటే నెలల తరబడి రాత్రింబవళ్ళు తిప్పాల్సిందే. లోపలి ఇటుకలు మార్చే షట్‌డౌన్‌లోనే దానికి విశ్రాంతి. కూతవేటు దూరంలో, 1994లో మొదటి యూనిట్ మొదలైన రాయలసీమ థర్మల్ కేంద్రం లాంటి చోట్ల టర్బైన్ల సంగతీ అంతే.

ఇలాంటి పరిశ్రమల్లో కంట్రోల్ రూమ్ కంప్యూటరు వయసును యంత్రం వయసుతో లెక్కేస్తారు. హైదరాబాదు సాఫ్ట్‌వేర్ కంపెనీలో సర్వరును అయిదేళ్ళకు తీసి అవతల పెడతారు. సిమెంటు, కరెంటు పరిశ్రమల్లో ఇరవై ఏళ్ళ సర్వరు ఇంకా పనిలో ఉందంటే ఎవరూ ముక్కున వేలేసుకోరు. దాని మీది సాఫ్ట్‌వేర్ ఆ ఒక్క ఆపరేటింగ్ సిస్టమ్ మీదే నడుస్తుంది, నడుస్తున్నదాన్ని కదపడం ఎవరికీ ఇష్టముండదు. ఆ సర్వరు చెడి, బోర్డో నెట్‌వర్క్ కార్డో మార్చాల్సి వచ్చిన రోజున మొదట తెలియాల్సిన సంగతి దాని హార్డ్‌వేర్ చిరునామా. అంటే మ్యాక్ అడ్రస్. అది కార్డులో చెక్కి ఉంటుందనీ, ఎప్పటికీ మారదనీ పాఠ్యపుస్తకాలు చెబుతాయి. పాత సర్వర్ల దగ్గర పని చేసినవాళ్ళు ఆ మాట నమ్మరు, నమ్మకపోవడమే వాళ్ళ విద్యకు పునాది.

ఈ చిరునామా 48 బిట్లు, అంటే ఆరు బైట్లు. మొదటి మూడు బైట్లు కంపెనీని చెబుతాయి, మిగిలిన మూడు ఆ కంపెనీ వేసుకునే వరస నంబరు. ఒక్కో కంపెనీ ముద్రకింద 1,67,77,216 చిరునామాలు ఇమిడిపోతాయి. అంతకు ముందు జిరాక్స్ పరిశోధనశాలలో నడిచిన ప్రయోగాత్మక ఈథర్‌నెట్‌లో చిరునామా 8 బిట్లే, ఒక కేబుల్‌కు సరిపోయేంత. 48 బిట్లు ఎందుకు కావాలో వివరిస్తూ 1981లో వ్యాసం రాసిన ఇద్దరిలో ఒకరు మన ఐఐటీ బొంబాయిలో చదివిన యోగేన్ దలాల్. ఆ వ్యాసంలో ఒక సూక్ష్మం ఉంది. వాళ్ళు నంబరు ఇచ్చింది కంప్యూటరుకు. కార్డు ఆ నంబరును మోసే సాధనం మాత్రమే. ప్రపంచంలో ప్రతి యంత్రానికీ ఒకే ఒక్క నంబరు, ఏ కేబుల్‌కు తగిలించినా అదే నంబరు, అన్నది వాళ్ళ ఊహ. ఆ తర్వాత పీసీ కార్డుల కాలం వచ్చి నంబరు కార్డుకు అంటుకుపోయింది. పాత సర్వర్లలో మనకు వింతగా కనిపించేవన్నీ దాదాపు ఈ తేడాలోంచి పుట్టినవే.

సన్ కంపెనీ పాత మెషీన్లు చూడండి. వాటి చిరునామా 08:00:20 తో మొదలవుతుంది. ఆ చిరునామా కార్డు మీద ఉండదు. మదర్‌బోర్డు మీద గడియారంతో కలిపిన ఒక చిన్న మెమరీ చిప్పులో, 16 బైట్ల జాగాలో ఉంటుంది. మెషీన్ రకం, ఆరు బైట్ల చిరునామా, తయారీ తేదీ, సీరియల్ నంబరు, చివర్లో సరిచూసుకునే ఒక బైటు, అన్నీ అందులోనే. ఒక సన్ మెషీన్‌కు రెండు మూడు నెట్‌వర్క్ పోర్టులుంటే, పాత పద్ధతిలో అన్నిటికీ ఇదే చిరునామా. దలాల్ వ్యాసం ప్రకారం ఇది సబబే. కానీ రెండు పోర్టుల్నీ ఒకే స్విచ్‌కు తగిలించారనుకోండి. ఒకే చిరునామా రెండు రంధ్రాల్లోంచి రావడం చూసి స్విచ్ తికమకపడుతుంది. ‘లోకల్-మ్యాక్-అడ్రస్?’ అనే సెట్టింగును ‘ట్రూ’ చేస్తే ఒక్కో పోర్టుకూ దాని సొంత చిరునామా వస్తుంది. ఆ ప్రశ్నార్థకం కూడా సెట్టింగు పేరులో భాగమే. అది టైపు చేయడం మరిచిపోయి కమాండు పని చేయలేదని తల పట్టుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

అసలు చిక్కు ఆ చిప్పులోని బ్యాటరీతోనే. తయారీదారు దానికి చెప్పిన ఆయుష్షు పదేళ్ళు. బ్యాటరీ చిప్పు లోపలే పోత పోసి ఉంటుంది కాబట్టి విడిగా మార్చడానికి వీల్లేదు. అది అయిపోయాక మెషీన్ ఆపి మళ్ళీ వేస్తే తెర మీద చిరునామా స్థానంలో వరసగా పన్నెండు ‘ఎఫ్’లు కనిపిస్తాయి. మెషీన్‌ను గుర్తించే హోస్ట్ ఐడీ స్థానంలోనూ ‘ఎఫ్’లే. నెట్‌వర్క్‌లో పన్నెండు ‘ఎఫ్’లంటే అందరికీ కలిపి వేసే కేక. ఆ పేరుతో ఏ మెషీనూ బతకలేదు.

ఇక్కడ పనికొచ్చే విద్య చేతిపని లాంటిది. మెషీన్ ‘ఓకే’ అని అడిగే చోట ‘ఎంకేపీ’ అనే ఆజ్ఞతో ఒక్కో బైటూ చేత్తో పోయవచ్చు. గడుల్ని సున్నా నుంచి లెక్కిస్తే 8ని రెండో గడిలో, 0ని మూడో గడిలో, 20ని నాలుగో గడిలో, ఇలా. చివరి గడిలోకి ముందున్న పదిహేను బైట్లను ఎక్స్-ఆర్ లెక్కలో కలిపిన ఫలితం వేయాలి. లెక్క తప్పితే మెషీన్ ఒప్పుకోదు. బ్యాటరీ చచ్చినా కరెంటు ఉన్నంతసేపూ పోసిన బైట్లు నిలుస్తాయి. అంటే ఇక ఆ మెషీన్ ఆపకూడదు. ఆపినా బైట్లు పోకుండా ఉండాలంటే కొత్త చిప్పు తేవాలి, లేదా ఇంకో దారి ఉంది. చిప్పు పైభాగాన్ని జాగ్రత్తగా అరగదీసి, లోపలి బ్యాటరీ తీగల్ని బయటపెట్టి, నాణెం బ్యాటరీకి టంకం వేస్తారు. మొరటుగా కనిపిస్తుంది గానీ బాగానే పని చేస్తుంది.

మరి పాత చిరునామా ఎవరూ రాసిపెట్టుకోకపోతే? ఊరికే ఏదో ఒకటి కల్పించి పోస్తే నెట్‌వర్క్ నడుస్తుంది, పాత నంబరుకు ముడిపడిన సాఫ్ట్‌వేర్ లైసెన్సులు నడవవు. అందుకని వెతకాలి. బూట్ అయిన ప్రతిసారీ సన్ ఆపరేటింగ్ సిస్టమ్ సొలారిస్ మెషీన్ చిరునామాను మెసేజెస్ ఫైల్లో రాసుకుంటుంది. పాత బ్యాకప్ టేపులో ఆ ఫైలు దొరికితే సగం గండం గడిచినట్టే. మెషీన్ ఇప్పుడే ఆగి ఉంటే పక్క మెషీన్లు చిరునామాలు గుర్తుపెట్టుకునే ఏఆర్‌పీ పట్టికల్లో, స్విచ్ పట్టికలో ఇంకా ఉండవచ్చు. సిస్కో రూటరు ఏఆర్‌పీ ఎంట్రీని మామూలుగా నాలుగు గంటలు పట్టుకుంటుంది. ఆ నాలుగు గంటల్లో చూసుకోవాలి.

రైల్వే రిజర్వేషన్ల కంప్యూటర్లది సన్ పద్ధతికి పూర్తిగా తిరగేసిన పద్ధతి. చిలమకూరు వాళ్ళు ఎర్రగుంట్లలో రైలెక్కుతారు. ముంబై–చెన్నై మార్గంలోని ఆ స్టేషను గుంతకల్లు డివిజన్‌లోది, ఆ డివిజన్‌కు చాలాకాలం పెద్ద దిక్కు సికింద్రాబాదు. దేశంలోని రిజర్వేషన్ కేంద్రాలను ఒకదానితో ఒకటి కలిపే ‘కాన్‌సర్ట్’ సాఫ్ట్‌వేర్ మొదట నడిచింది కూడా సికింద్రాబాదులోనే, 1994 సెప్టెంబరులో. 1999 ఏప్రిల్ నాటికి ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాదు అయిదూ కలిశాయి. ఆ మెషీన్లు డిజిటల్ కంపెనీవి, వాటిని నడిపింది వీఎంఎస్ ఆపరేటింగ్ సిస్టమ్. వీఎంఎస్ మెషీన్లకు పుట్టుకతో వచ్చిన నెట్‌వర్క్ డెక్‌నెట్.

డెక్‌నెట్ నాలుగో తరంలో ప్రతి మెషీన్‌కూ ఏరియా నంబరు, నోడ్ నంబరు ఇస్తారు. ఏరియాలు 63 వరకు, ఒక్కో దాంట్లో నోడ్లు 1023 వరకు. డెక్‌నెట్ మొదలవగానే చేసే మొదటి పని, కార్డుకున్న చిరునామాను పక్కకు నెట్టి సొంతది వేయడం. ఏరియాను 1024తో గుణించి నోడ్ కలపాలి. 12వ ఏరియాలో 100వ నోడ్ అయితే 12,388. దాన్ని హెక్సాడెసిమల్‌లో రాసి, చిన్న బైటు ముందు వచ్చేలా తిరగేసి, ఏఏ-00-04-00 అనే ముద్ర వెనక తగిలిస్తే ఏఏ-00-04-00-64-30 అవుతుంది. లాభమేమిటంటే, ఎదుటి మెషీన్ ఏరియా, నోడ్ నంబర్లు తెలిస్తే చాలు, దాని హార్డ్‌వేర్ చిరునామా లెక్క కట్టేయవచ్చు. నీ చిరునామా ఏమిటని ఊరంతా చాటింపు వేసే ఏఆర్‌పీ పని ఇక్కడ అవసరం లేదు. ఏఆర్‌పీ పుట్టింది 1982 నవంబరులో. ఇప్పుడందరూ వాడేది అదే అయినా, డెక్‌నెట్ లెక్కలోని పొందిక దానికి లేదని నా అభిప్రాయం.

అయితే ఆ పొందికకు ఒక మెలిక ఉంది. అదే మెషీన్ మీద టీసీపీ/ఐపీ కూడా నడపాలంటే డెక్‌నెట్‌ను ముందు లేపాలి. వరస తప్పిందా, టీసీపీ/ఐపీ పాత చిరునామాతో పలకరింపులు మొదలుపెట్టాక డెక్‌నెట్ వచ్చి చిరునామా మార్చేస్తుంది. పక్క మెషీన్లు పాతదాన్నే గుర్తుపెట్టుకుని ఉత్తరాలన్నీ అటే పంపిస్తాయి, మన మెషీన్ ఉలకదు పలకదు. స్టార్టప్ ఫైల్లో ఒక్క లైను కింద ఉండాల్సింది పైన ఉన్నందుకు కొన్ని గంటలు పోతాయి. డెక్‌నెట్ మెషీన్‌లో కార్డు మారిస్తే మాత్రం ఏ గొడవా లేదు. చిరునామా కార్డుది కాదు గదా. ఐబీఎం టోకెన్‌రింగ్ వాళ్ళూ 4000తో మొదలయ్యే చిరునామాలను చేత్తోనే పెట్టుకునేవాళ్ళు, ఇదే లాభం కోసం.

పీసీ సర్వర్ల దగ్గరికొస్తే కథ చిన్నదే. చిరునామా నిజంగానే కార్డు చిప్పులో ఉంటుంది. విండోస్ ఎన్‌టీ అయితే రిజిస్ట్రీలో ‘నెట్‌వర్క్ అడ్రస్’ అనే విలువ పెడితే డ్రైవరు కార్డుది వదిలి దాన్నే వాడుతుంది. పాత లినక్స్‌లో కార్డు మార్చాక ఈథ్0 మాయమై ఈథ్1 వచ్చిందంటే, పేర్లను చిరునామాలకు ముడేసిన నియమాల ఫైలు దానికి కారణం. పాత లైను తీసేస్తే సరిపోతుంది.

ఇదంతా ఎందుకంటే, ముఖ్యంగా లైసెన్సుల కోసం. ఖరీదైన ఇంజినీరింగ్ సాఫ్ట్‌వేర్లు సన్ మెషీన్లలో హోస్ట్ ఐడీకీ, పీసీల్లో మ్యాక్ అడ్రస్‌కీ తాళం వేసుకునేవి. నన్నడిగితే అది మొదటి నుంచీ చెడ్డ ఆలోచన. మెషీన్‌ను వెతికి పట్టుకోవడానికి పెట్టిన నంబరును, మెషీన్ ఎవరిదో రుజువు చేసే కాగితంగా వాడుకున్నారు. అమ్మిన కంపెనీ మూతపడి, కొత్త లైసెన్సు ఇచ్చే నాథుడు లేని రోజున, హక్కుగా కొనుక్కున్నవాడు పాత చిరునామాను కొత్త కార్డు మీద పెట్టుకోవాల్సి వస్తుంది. పాత సర్వరును వర్చువల్ మెషీన్‌లోకి మార్చినప్పుడూ ఇదే పని. అలా చేసేటప్పుడు పాతదాన్ని కేబుల్ పీకి పక్కన పెట్టడం తప్పనిసరి. ఒకే చిరునామాతో రెండు బతికి ఉంటే స్విచ్ పట్టిక క్షణానికోసారి ఇటూ అటూ దూకుతుంది, రెండూ సగం సగం పని చేస్తాయి. పూర్తిగా చచ్చిన నెట్‌వర్క్ కంటే సగం పని చేసే నెట్‌వర్క్‌లో తప్పు పట్టుకోవడం చాలా కష్టం.

రాసుకోవడంలోనూ ఒక తిరకాసుంది. ఒకే చిరునామాను సన్ వాళ్ళు ముందు సున్నాలు ఎగరగొట్టి 8:0:20 అని మొదలుపెడతారు. డిజిటల్ వాళ్ళు అడ్డగీతలతో రాస్తారు. హెచ్‌పీ-యూఎక్స్ పన్నెండు అంకెల్నీ అతికించేస్తుంది. సిస్కో నాలుగేసి అంకెల మూడు ముక్కలు చేసి మధ్యలో చుక్కలు పెడుతుంది. ఒక పట్టికలో వెతుకుతూ దొరకలేదని వదిలేసే ముందు, ఏ వేషంలో వెతుకుతున్నామో చూసుకోవాలి.

పులివెందుల జేఎన్‌టీయూ కాలేజీలోనూ ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలోనూ వందలమంది పిల్లలు మ్యాక్ అడ్రస్‌ను రెండో పొరలో వచ్చే రెండు మార్కుల ప్రశ్నగా చదువుతారు. చుట్టుపక్కల ఫ్యాక్టరీల స్క్రాప్ యార్డుకు పోయే పాత సర్వరొకటి ల్యాబుకు తెచ్చిపెట్టి, దాని చిరునామా పోగొట్టి, మళ్ళీ వెతికి పోయమంటే వాళ్ళకే తెలుస్తుంది ఆ రెండు మార్కుల విలువ. ఈ పాత సర్వర్లను నడిపిన తరంవాళ్ళు ఒక్కొక్కరే రిటైరవుతున్నారు.

కంట్రోల్ రూముల్లో, ఆఫీసుల్లో ఇలాంటి మెషీన్ల బాధ్యత చూస్తున్నవారికి ఒక్క మాట. వచ్చే షట్‌డౌన్ దాకా ఆగకండి. ఒక్కో సర్వరు చిరునామా, హోస్ట్ ఐడీ, ఆ చిరునామా కార్డులో ఉందో బోర్డులో ఉందో సాఫ్ట్‌వేర్ వేస్తోందో, దానికి ముడిపడిన లైసెన్సులేవో కాగితం మీద రాసి క్యాబినెట్ తలుపు లోపలివైపు అంటించండి. అదే సర్వరులోని ఫైల్లో మాత్రం దాచకండి. 1990ల నాటి సన్ మెషీన్ ఏదైనా మీ దగ్గర ఇంకా నడుస్తుంటే, దాని చిప్పులోని అసలు బ్యాటరీకి గడువు ఎప్పుడో దాటిపోయింది.