పాఠం రాసేచోట మన ఓటేది?

మా చిలుకూరు వైపు సాగర్ ఎడమ కాలువకు నీళ్లొస్తే తండాల్లో పగలు మనిషి దొరకడు. ఆడవాళ్లు నాట్లకు పోతారు, మగవాళ్లు దమ్ములకు పోతారు. సరిగ్గా అప్పుడే పొద్దున పది గంటలకు పాఠశాల యాజమాన్య కమిటీ సమావేశం పెడతాం. ఎవరూ రారు. సాయంత్రం రిజిస్టరు ఇంటింటికీ తిరుగుతుంది, వేలిముద్రలు పడతాయి, కోరం నిండుతుంది. ఈ తప్పులో ఉపాధ్యాయులమైన మాకూ వాటా ఉంది.

2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ఇంత చిన్న కమిటీని కోరలేదు. సభ్యుల్లో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి. సగం మంది స్త్రీలుండాలి. అణగారిన వర్గాల పిల్లల తల్లిదండ్రులకు వారి సంఖ్యకు తగ్గ చోటుండాలి. నిధుల ఖర్చు చూడటం, బడి అభివృద్ధి ప్రణాళిక రాయడం వారి పని. అయితే 2024లో వచ్చిన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలకు మరమ్మతు పనులు అప్పగించారు. వాటికి అధ్యక్షురాలు మహిళా సంఘాల గ్రామ సమాఖ్య నుంచి వస్తారు, తల్లిదండ్రుల ఓటుతో కాదు.

ఇంతకన్నా పెద్ద లోటు మరొకటుంది. మన కమిటీ గోడ సున్నం గురించి అడగగలదు, పుస్తకంలో పాఠం గురించి అడగలేదు. పాఠ్యపుస్తకాలు హైదరాబాద్‌లోని రాష్ట్ర విద్యా పరిశోధన శిక్షణ సంస్థ తయారుచేస్తుంది. అక్కడ మనం ఎన్నుకున్నవారు ఒక్కరూ లేరు. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో బంజారా, కోయ, గోండి, కొలామి సహా ఎనిమిది గిరిజన భాషల్లో చదువు మొదలైంది. ఆ పని ఎంత దూరం సాగాలో తేల్చిన గదిలో ఓటున్న తండా తల్లి లేదు.

ఎన్నిక పెడితే చాలునా? అమెరికాలోని టెక్సాస్‌లో రాష్ట్ర విద్యా మండలికి 15 మందిని 15 నియోజకవర్గాల నుంచి ప్రజలే నాలుగేళ్లకు ఎన్నుకుంటారు. పిల్లలు ఏం నేర్వాలో ఆ మండలే తేలుస్తుంది. సమావేశంలో మామూలు మనిషి కూడా పేరిచ్చి మాట్లాడొచ్చు. కానీ అధ్యక్షుణ్ణి గవర్నరే నియమిస్తాడు. 2010లో సాంఘిక శాస్త్ర ప్రమాణాల మీద పార్టీల వారీగా చీలి 9–5 ఓట్లతో నిర్ణయమైంది. ఎక్కువమందిదే పాఠమైతే తక్కువమంది పిల్లల కథ ఎక్కడికి పోతుంది?

అందుకే మనకు కావలసింది ఉత్త ఎన్నిక కాదు. సంఖ్యకు తగ్గ చోటు అన్న 21వ సెక్షన్ సూత్రాన్ని పుస్తకాలు రాసే సంఘాల దాకా తీసుకెళ్లాలి. గిరిజన తల్లిదండ్రులు ఎన్నుకున్నవారు అక్కడ కూర్చోవాలి.

అయితే ఇది అడిగే హక్కు మనకు దక్కాలంటే చేతిలో ఉన్న చిన్న ఎన్నికను ముందు నిజం చేయాలి. సమావేశం పది గంటలకు బడిలో కాదు, దీపాలు పెట్టాక తండాలో జరగాలి. లెక్కలు తెలుగులో చదివి, గోర్ బోలిలో వివరించాలి. ముద్ర వేసే ముందు యాడి ఒక్క ప్రశ్నైనా అడిగేలా చూడాలి. ఈ మార్పుకు ఎవరి జీవో అక్కర్లేదు, ఉపాధ్యాయులం మనం తలుచుకుంటే చాలు.