పేజీలో వీధిని కట్టిన ఆర్కిటెక్ట్

ఆర్కిటెక్చర్ అయిదేళ్లు చదివి, కొన్నాళ్లు సైట్ల చుట్టూ తిరిగి, ఆ తర్వాత యూజర్ ఎక్స్‌పీరియన్స్ డిజైన్‌లోకి మారినవాళ్లు హైదరాబాద్, బెంగళూరు ఆఫీసుల్లో కనిపిస్తూనే ఉంటారు. ‘అంత చదువూ వృథా చేసుకున్నావు’ అనే మాట వాళ్లకు ముందు ఇంట్లోనే ఎదురవుతుంది. ఆ మాట ఎంత తప్పో తెలియాలంటే రిచర్డ్ సాల్ వర్మన్ పని చూడాలి. యూఎక్స్ అన్న పేరు పుట్టకముందే ఆయన ఆ దారి పట్టారు. ఆర్కిటెక్చర్‌ను వెంటబెట్టుకునే వెళ్లారు.

వర్మన్ 1935లో ఫిలడెల్ఫియాలో పుట్టారు. 1959లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం నుంచి ఆర్కిటెక్ట్‌గా బయటికొచ్చారు. గురువు లూయీ కాన్. అహ్మదాబాద్ ఐఐఎం ఇటుక భవనాలు గీసింది ఈ కానే. మనుషులు మసలే గదులు వేరు, వాటికి సేవ చేసే మెట్లు, గొట్టాలు వేరు అని విడదీసి చూడటం కాన్ పద్ధతి. ఫిలడెల్ఫియాలోని రిచర్డ్స్ ప్రయోగశాలల్లో ఆ మెట్లకూ గొట్టాలకూ విడిగా ఇటుక బురుజులే లేపారు. ఏది ముఖ్యమో, ఏది దానికి సాయమో ముందు తేల్చుకోవాలన్న ఆ పట్టుదల శిష్యుడి పుస్తకాల్లో పేజీ పేజీకీ కనబడుతుంది.

ముప్పై ఏళ్లు నిండకముందు నార్త్ కరోలినాలో పాఠం చెబుతూ వర్మన్ విద్యార్థుల చేత చేయించిన పని నాకు మరీ ఇష్టం. యాభై ఊళ్లకు, నగరాలకు ప్లాస్టిసిన్‌తో నమూనాలు చేయించారు. అన్నీ 1:14,400 స్కేలులోనే. అంటే నమూనాలో ఒక అంగుళం నేల మీద 1200 అడుగులు. వినడానికి ఇందులో విశేషమేమీ లేనట్టు ఉంటుంది. కానీ ఏ అట్లాసు తిరగేసినా ఊరు ఊరికీ స్కేలు మారిపోతుంది. కాగితంలో పట్టడానికి మహానగరాన్ని కుదిస్తారు, చిన్న పట్నాన్ని సాగదీస్తారు. చివరికి రెండూ ఒకే వెడల్పులో కనిపిస్తాయి. వర్మన్ స్కేలును కదలనివ్వలేదు. అందుకే నమూనాలు పక్కపక్కన పెట్టగానే ఏ ఊరు ఎంతదో కన్ను చెప్పేస్తుంది, కింద అంకెలు చదవనక్కర్లేదు. ఫోన్ తెర మీద రెండు బీమా పాలసీలను పోల్చి చూపాల్సిన డిజైనర్‌కు ఇంతకంటే మంచి పాఠం ఎక్కడ దొరుకుతుంది?

ఆయన భాగస్వామిగా ఉన్న ఆర్కిటెక్చర్ సంస్థ 1970ల మధ్యలో మూతపడింది. 1976లో ఫిలడెల్ఫియాలో జరిగిన అమెరికన్ ఆర్కిటెక్టుల జాతీయ సదస్సుకు ‘ఆర్కిటెక్చర్ ఆఫ్ ఇన్ఫర్మేషన్’ అన్న అంశం పెట్టింది ఆయనే. తర్వాత లాస్ ఏంజెలెస్ చేరారు. దారులు తెలియని ఊరు. ఊళ్లు చూడొచ్చేవాళ్ల కోసం ఆయన తెచ్చిన ‘యాక్సెస్’ గైడు పుస్తకాలు ఆ తిప్పల్లోంచే పుట్టాయి.

మామూలు గైడులో హోటళ్లకు ఒక అధ్యాయం, తిండికి ఇంకొకటి, మ్యూజియంలకు మరొకటి. ఊళ్లో అవి అలా విడివిడిగా ఉండవు కదా! మ్యూజియం చూసి బయటికొచ్చి ఆకలేసినవాడు పుస్తకమంతా తిరగేయాలి. వర్మన్ పుస్తకాన్ని పేటల వారీగా విడగొట్టి, దేని పక్కన ఏది ఉందో ఆ వరసలోనే రాశారు. మ్యాపు మీద ఒక అంకె, అదే అంకెతో పక్కన చిన్న పరిచయం. మరి తిండి ఒక్కటే కావాల్సినవాడి మాటేమిటి? అందుకు రంగులు వాడారు. రెస్టారెంట్లన్నీ ఎర్ర అక్షరాల్లో ఉంటాయి. వరస చోటును చెబుతుంది, రంగు రకాన్ని చెబుతుంది. ఒకే పేజీని ఇద్దరు రెండు అవసరాలతో చదువుకోవచ్చు, ఒకటి ఇంకొకదానికి అడ్డు రాదు. గోడలు, కరెంటు, నీళ్ల లైన్లు ఒకే ప్లానులో చూపించి అలవాటైన చేతికే ఈ ఒడుపు వస్తుంది. పేజీలు కాస్త కిక్కిరిసి ఉంటాయి, నిజమే. కానీ ఎక్కడా దారి తప్పం.

టోక్యో గైడు ఇంకా గొప్పది. ఊరి నడిబొడ్డును చుట్టివచ్చే యమనోటె రైలు మార్గాన్ని వర్మన్ నిండు వలయంగా గీశారు. నేల మీద అది సాగిన, వంకరల మార్గం. స్కేలును అంగుళం కదలనివ్వని మనిషి ఇక్కడ స్కేలునే వదిలేశారు! ఊళ్లను పోల్చేవాడికి కొలత కావాలి. రైలెక్కేవాడికి ఏ స్టేషన్ తర్వాత ఏది, ఎక్కడ మారాలి అన్నది చాలు. చదివేవాడి పని మారింది కాబట్టి గీత కూడా మారింది. ఆయన పనిలో నేను ముందుగా మెచ్చేది ఈ తెగువనే.

1989లో రాసిన ‘ఇన్ఫర్మేషన్ యాంగ్జైటీ’లో, సమాచారాన్ని సర్దడానికి అయిదే దారులున్నాయన్నారు: చోటు, అక్షరక్రమం, కాలం, రకం, ఎక్కువ తక్కువల వరస. అయిదేనా అన్నది వాదించదగ్గ విషయమే. ‘రకం’ అన్న ఒక్క మాటలో ఆయన చాలా కూరేశారనిపిస్తుంది. అయినా పనిలో ఈ జాబితా భలే అక్కరకొస్తుంది. బస్టాండు బోర్డునే తీసుకోండి. ఊరి పేరుతో వెతికేవాడికి అక్షరక్రమం కావాలి, ఏదో ఒక బస్సు దొరికితే చాలనుకునేవాడికి టైము వరస కావాలి, సామాన్లతో నిలబడ్డ ముసలామెకు ప్లాట్‌ఫారం నంబరు కావాలి. బోర్డు రాసేవాడు ముందు ఎవరికోసం రాస్తున్నాడో తేల్చుకోవాలి.

వర్మన్ వాడుకలోకి తెచ్చిన ‘ఇన్ఫర్మేషన్ ఆర్కిటెక్ట్’ అన్న పేరు 1990లలో వెబ్‌సైట్లు కట్టేవాళ్లకు ఉద్యోగమైంది. ఇవాళ యూఎక్స్ ఇంటర్వ్యూకి వెళ్లే బీఆర్క్ కుర్రాళ్లు మెరిసే త్రీడీ బొమ్మలతో పోర్ట్‌ఫోలియో నింపేస్తున్నారు. కాలేజీలో గీసిన ఆస్పత్రి ప్లాను ఒక్కటి తీసి, రోగి రిజిస్ట్రేషన్ కౌంటర్ నుంచి ఓపీకి, అక్కణ్నుంచి ల్యాబుకి, చివరికి మందుల షాపుకి నడిచే దారిని ఎందుకు అలా గీశారో, ఎక్కడ ఏ తలుపు జరిపారో చూపిస్తే, అవతల కూర్చున్నవాళ్లకు కావాల్సిన జవాబు అందులోనే ఉంటుంది.