ప్రార్థనకు సాంఖ్యక పరీక్ష: 1.96 చెప్పేది, చెప్పనిది

విజ్ఞాపన ప్రార్థన ఫలిస్తుందని వైద్యశాస్త్రమే రుజువు చేసిందనే మాట ప్రసంగాలలో అప్పుడప్పుడు వినబడుతుంది. ఇందుకు ఆధారంగా చూపేది రాండాల్ఫ్ బర్డ్ 1988లో ప్రచురించిన అధ్యయనం. శాన్ ఫ్రాన్సిస్కోలో హృద్రోగ విభాగంలో చేరిన 393 మందిని చీట్లు వేసినట్లు రెండు గుంపులుగా విభజించి, ఒక గుంపు కొరకు క్రైస్తవులచేత ప్రార్థన చేయించారు. ఆరు అంశాలలో ఆ గుంపు మెరుగ్గా ఉన్నదని, ఆ తేడా 'సార్థకమైనది' అని తేలింది. 'సార్థకం' అంటే ఏమిటో పరిశీలించకుండా దీనిని ప్రసంగపీఠం మీదికి తేవడం సరికాదని ఈ వ్యాసం వాదన.

ప్రార్థన ఊసే లేకపోయినా రెండు గుంపుల ఫలితాలు అచ్చంగా ఒకటిగా ఉండవు. రోగుల సంఖ్య తగినంత ఉన్నప్పుడు అట్టి యాదృచ్ఛిక తేడాలు సామాన్య విభాజనమనే గంట ఆకారపు వక్రరేఖను అనుసరిస్తాయి. తేడాను ప్రామాణిక దోషంతో భాగించగా వచ్చిన సంఖ్య 1.96ను దాటడం యాదృచ్ఛికంగా నూటికి ఐదుసార్లు మాత్రమే, అటో ఇటో, జరుగుతుంది. ఈ హద్దు ప్రకృతి నియమం కాదు, 1925లో ఆర్. ఎ. ఫిషర్ సౌకర్యం కొరకు సూచించినది.

కాబట్టి ఇరవై అంశాలను కొలిస్తే, ఏ ప్రభావమూ లేకపోయినా, సగటున ఒకటి హద్దు దాటుతుంది. బర్డ్ కొలిచినవి ఇరవైకి పైనే. దాటినవి ఆరు కదా అనవచ్చు. అయితే అవి ఆరుగురు వేర్వేరు సాక్షులు కారు: గుండె వైఫల్యం వచ్చినవారికే మూత్రం జారీ చేసే మందులు, న్యుమోనియా వచ్చినవారికే యాంటీబయాటిక్స్ ఇస్తారు.

2006లో హెర్బర్ట్ బెన్సన్ బృందం బైపాస్ చికిత్స పొందిన 1,802 మందిపై జరిపిన అధ్యయనం వెలువడింది. తమ కొరకు ప్రార్థిస్తున్నారో లేదో తెలియని వారిలో, ప్రార్థన పొందిన 604 మందిలో 315 మందికి, పొందని 597 మందిలో 304 మందికి చిక్కులు తలెత్తాయి. లెక్కిస్తే 0.43 వస్తుంది, హద్దుకు చాలా దూరం. ప్రార్థిస్తున్నారని తెలిసిన 601 మందిలో మాత్రం 352 మందికి చిక్కులు వచ్చాయి. తెలియక ప్రార్థన పొందినవారితో పోల్చితే ఇది 2.24, హద్దు దాటింది, కాని వ్యతిరేక దిశలో! బర్డ్‌ను ఎత్తిపట్టినవారు దీనిని త్రోసివేయగలరా? సంచిలో రెండు విధాల తూనికరాళ్లు ఉంచుకోకూడదని ద్వితీయోపదేశకాండము (25:13) బోధిస్తుంది.

ప్రార్థన హానికరమని కూడా ఇది రుజువు చేయదు. ఏ గుంపులోని రోగి కొరకైనా ఇంటివారు, సంఘం ప్రార్థించకుండా ఎవరూ ఆపలేదు. కొలవబడినది అపరిచితులు అదనంగా చేసిన ప్రార్థన మాత్రమే. యాదృచ్ఛికత ఎంతవరకు వివరించగలదో ఆ వక్రరేఖ చెబుతుంది. దేవుడు విన్నాడో లేదో చెప్పదు.

ఇది కేవలం లెక్కల తగవు కాదు. మందు మోతాదులాగా ప్రార్థనను బోధిస్తే, శస్త్రచికిత్స తరువాత చిక్కులు వచ్చిన విశ్వాసి తన విశ్వాసమే చాలలేదని కుమిలిపోతాడు. ఆ భారం అతనిపై మోపినది వాక్యం కాదు, మనం సరిగా చదవని ఒక సంఖ్య.