మధ్యలో వదిలిన తెలుపు

ఆల్మా థామస్ బొమ్మని దూరం నుంచి చూస్తే లెక్క ప్రకారం అచ్చు గుద్దినట్టు ఉంటుంది. వలయాలుగానో, నిలువు పట్టీలుగానో రంగులు బారులు తీరి ఉంటాయి. దగ్గరికి వెళ్లేసరికి ఆ లెక్క కాస్తా సడలిపోతుంది. ఒక కుంచె ముద్ర పొడుగు, పక్కది పొట్టి. ఒకదాని అంచు కొంచెం వంగి ఉంటుంది, ఇంకోటి పక్కదాన్ని తాకీ తాకనట్టు ఆగిపోతుంది. వాటి సందుల్లోంచి తెల్లటి కాన్వాసు కనిపిస్తుంది. ఇంకా పరీక్షగా చూస్తే అక్కడక్కడ పెన్సిల్ గీతలు కూడా దొరుకుతాయి. వాటిని దాచే ప్రయత్నమేమీ చెయ్యలేదు.

అమెరికాలోని జార్జియా రాష్ట్రం కొలంబస్‌లో 1891లో పుట్టిన ఈ నల్లజాతి చిత్రకారిణి, 1907లో కుటుంబంతో వాషింగ్టన్ చేరారు. 15వ వీధిలోని కుటుంబ ఇంట్లోనే జీవితంలో చాలా భాగం ఉన్నారు. హోవర్డ్ యూనివర్సిటీ లలితకళల కోర్సులో మొదటి పట్టభద్రురాలు ఆమే, 1924లో. తర్వాత 35 ఏళ్లు షా జూనియర్ హైస్కూల్లో డ్రాయింగ్ టీచరు. పిల్లలకు రంగులు నేర్పారు, తాళ్లతో ఆడించే కీలుబొమ్మలు చేయించారు. ఉద్యోగం చేస్తూనే 1950లలో అమెరికన్ యూనివర్సిటీలో మళ్లీ విద్యార్థిగా కూర్చున్నారు. 1960లో రిటైరయ్యాక గానీ రోజంతా బొమ్మలకే ఇచ్చే వీలు చిక్కలేదు.

ఆ వీలు చిక్కేనాటికి కీళ్లనొప్పులు పట్టుకున్నాయి. ఇక మానేద్దామనుకుంటున్న సమయంలో, ఆమె చిత్రాలతో ప్రదర్శన పెడతామని హోవర్డ్ నుంచి కబురొచ్చింది. వేసినవే చూపించడం ఆమెకు ఇష్టం లేదు. ఇంటి ముందున్న హాలీ చెట్టుని కిటికీలోంచి చూస్తూ కూర్చునేవారు. గాలికి ఆకులు కదిలినప్పుడల్లా వెలుగు ముక్కలై, ఆ ముక్కలు చోటు మారేవి. ఆకుల ఆకారాన్ని వదిలేసి, ఆకుకీ ఆకుకీ మధ్య వెలుగు చేసే ఆ పనిని కాన్వాసు మీద పట్టుకున్నారు. 1966 నాటి ప్రదర్శన నుంచి ఆమె శైలి అదే.

పెద్ద స్టూడియో ఏమీ లేదు. వంటింట్లో, ముందు గదిలో పని. పెద్ద కాన్వాసైతే ఒళ్లో పెట్టుకుని సోఫాకి ఆనించి వేసేవారు. ముందు చిన్న కాగితాల మీద నీటిరంగులతో వేసి చూసుకునేవారు. తర్వాత కాన్వాసు మీద పెన్సిల్‌తో దారి గీసుకునేవారు. ముగ్గుకి చుక్కలెలాగో, ఈ గీతలు అలాగ: హద్దు చెబుతాయి, చేతిని కట్టెయ్యవు. ఆ దారిలో ఒక్కొక్క ముద్రే పెట్టుకుంటూ పోవాలి. రెండు ముద్రల మధ్య ఎంత చోటు వదలాలో స్కేలు చెప్పదు, కన్నే చెప్పాలి. తెలుపు మరీ ఎక్కువైతే బొమ్మ చెదురుతుంది, మరీ తక్కువైతే ఊపిరాడదు.

అప్పట్లో వాషింగ్టన్‌లో రంగునే వస్తువుగా తీసుకున్న చిత్రకారులు కొందరున్నారు. మోరిస్ లూయిస్ పలచటి రంగుని కాన్వాసులోకి ఇంకనిచ్చాడు. జీన్ డేవిస్ టేపు అంటించి నిక్కచ్చి చారలు తీశాడు. వాళ్ల పక్కన పెట్టి చూస్తే థామస్ ప్రత్యేకత తెలుస్తుంది. ఆమె బొమ్మలో చెయ్యి కనిపిస్తుంది.

1970లో వేసిన 'ది ఎక్లిప్స్'లో ముదురు రంగు బిళ్ల ఒకటి, నడిమధ్యలో కాకుండా ఓ పక్కకి జరిగి ఉంటుంది. దాని చుట్టూ రంగుల వలయాలు. బిళ్ల పక్కకి జరగడం వల్ల కొన్ని వలయాలు అంచుల దగ్గర తెగిపోతాయి, బొమ్మ చట్రం బయట కూడా సాగుతున్నట్టు అనిపిస్తుంది. 'స్టారీ నైట్ అండ్ ది ఆస్ట్రోనాట్స్' (1972) ఇంకా సాహసం. దాదాపు అంతా నీలమే. పైన ఒక మూల చిన్న ఎరుపు, పసుపు మచ్చ. అంత నీలాన్ని మోసేది ఆ మచ్చే.

1972లో, 80 ఏళ్ల వయసులో, న్యూయార్క్ విట్నీ మ్యూజియంలో సొంత ప్రదర్శన జరిగిన మొదటి నల్లజాతి మహిళ అయ్యారు. 1976లో, చనిపోవడానికి రెండేళ్ల ముందు, మూడు కాన్వాసులు కలిపి సుమారు 6 అడుగుల ఎత్తు, 13 అడుగుల వెడల్పున 'రెడ్ అజేలియాస్ సింగింగ్ అండ్ డాన్సింగ్ రాక్ అండ్ రోల్ మ్యూజిక్' వేశారు. ఇందులో బారులు లేవు, వలయాలు లేవు. ఎర్రటి ముక్కలు ఎటు పడితే అటు తిరుగుతాయి. అయినా ఒక్కటి కూడా దారి తప్పినట్టు ఉండదు. పదేళ్లపాటు వరసలో నిలబెట్టిన చెయ్యి కాబట్టే వరస తీసేసినా తూకం నిలిచింది.

'ది ఎక్లిప్స్', ఈ ఎర్రటి అజేలియా పూల బొమ్మ రెండూ వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ అమెరికన్ ఆర్ట్ మ్యూజియం సేకరణలో ఉన్నాయి. ప్రవేశం ఉచితం. వర్జీనియా, మేరీలాండ్‌లలో ఉన్న మన తెలుగు కుటుంబాలు సెలవు రోజున పిల్లల్ని తీసుకుని ఓసారి వెళ్లొచ్చు. ఆమె బొమ్మ ఏది కనిపించినా, ఇందులో ఏముందని అడగకుండా పెన్సిల్ గీత ఎక్కడుందో వెతకమనండి. డ్రాయింగ్ టీచరు బొమ్మకి అంతకంటే మంచి ప్రవేశం లేదు.