గడ్డం కాస్త దించండి

‘ఉమామహేశ్వర ఉగ్రరూపస్య’ని చాలామంది ప్రతీకారం కథగా గుర్తుపెట్టుకున్నారు. నడివీధిలో దెబ్బలు తిన్నవాడు, తిరిగి కొట్టేదాకా చెప్పులేసుకోనని ఒట్టు పెట్టుకుంటాడు. నాకు మాత్రం అది ఫోటో దిగడం గురించిన సినిమా. అందులో నాకు బాగా నచ్చిన సీనూ, ఇప్పటికీ ఒప్పుకోలేని సీనూ రెండూ కెమెరా చుట్టూనే ఉన్నాయి.

ముందు మన భాష సంగతి ఒకటి. ఫోటోకి తెలుగులో మూడు క్రియలున్నాయి. తీసేవాడు తీస్తాడు. తీయించుకునేవాళ్ళు దిగుతారు. చివరికి ఫోటో బాగా ‘పడుతుంది’, లేదా పడదు. “నేను ఫోటోల్లో బాగా పడను” అనే మనిషి ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. పడటమంటే పాచికలు పడ్డట్టు, మన చేతిలో లేనిది. దిగడం అలా కాదు. ఏట్లోకి దిగుతాం, బరిలోకి దిగుతాం. దానికి మన ఇష్టం కావాలి, కొంచెం ధైర్యం కూడా. ఈ సినిమాకి తీయడం బాగా తెలుసు, పడటం తెలుసు. మధ్యలో ఉన్న దిగడం దగ్గరే తడబడింది.

నచ్చిన సీను స్టూడియోలోది. అరకులో మహేష్ (సత్యదేవ్) స్టూడియోకి జ్యోతి (రూప) వస్తుంది. తను అందంగా పడాలి, అదొక్కటే కోరిక. మహేష్ అలవాటైన పాఠం మొదలుపెడతాడు: గడ్డం కాస్త పైకి, కాస్త కిందికి, భుజాలు దించండి, కళ్ళు తెరవండి. క్లిక్. వచ్చింది పాస్‌పోర్ట్ ఫోటో. ఆమెకి నచ్చలేదు, ఆ మాట మొహమ్మీదే చెప్పేస్తుంది. వీధిలో తిన్న దెబ్బల కన్నా ఇది గట్టి దెబ్బ అని నాకనిపిస్తుంది, ఎందుకంటే ఇది అతని పని మీద పడింది.

నిజానికి ఆ సూచనల్లో తప్పేం లేదు. గడ్డం కొద్దిగా ముందుకు తెచ్చి దించితే దవడ గీత తేరుతుంది, ఏ పోర్ట్రెయిట్ ఫోటోగ్రాఫరైనా చెప్పేదే. లోపం ఎక్కడంటే, అతను గడ్డంతో మాట్లాడాడు, మనిషితో మాట్లాడలేదు. మా అక్కకి సంబంధాలు చూస్తున్న రోజుల్లో తోడుగా నేనూ స్టూడియోకి వెళ్ళాను. అరగంటసేపు ఆ ఫోటోగ్రాఫర్ నోట భుజం, జడ, పైట తప్ప వేరే మాట రాలేదు. అక్క కట్టెలా బిగుసుకుపోయింది. లైటు పక్కన నిలబడ్డ అమ్మ, “మీ బావగారు పాయసంలో ఉప్పేసిన రోజు...” అని మొదలుపెట్టిందో లేదో, అక్క పగలబడి నవ్వింది. ఆ రోజు తీసినవాటిలో మనిషి ఉన్న ఫోటో అదొక్కటే. సంబంధాలకి మాత్రం బిగుసుకున్నదే వెళ్ళింది, నవ్విందాంట్లో పళ్ళు మరీ కనిపిస్తున్నాయని.

ఇక ఒప్పుకోలేని సీను. తండ్రి దగ్గర చూపు నేర్చుకున్నాక మహేష్ జ్యోతిని మళ్ళీ ఫోటో తీస్తాడు, ఈసారి ఆమెకి తెలియకుండా. ఫోటో అద్భుతంగా పడుతుంది, ఆమె మురిసిపోతుంది, ప్రేమ మొదలవుతుంది. మలయాళ మూలం ‘మహేషింటె ప్రతికారం’ (2016, దర్శకుడు దిలీష్ పోతన్) కూడా ఈ దారే పట్టింది కాబట్టి తప్పు వెంకటేశ్ మహాది ఒక్కడిదే కాదు. కానీ ఇక్కడ తేలిందేమిటి? అమ్మాయి అందంగా ఉండాలంటే తనని చూస్తున్నారని ఆమెకి తెలియకూడదు. అడగకుండా దూరం నుంచి లెన్స్ గురిపెట్టడాన్ని సినిమా కళ అంటోంది. మనం పెళ్ళిళ్ళలో ‘క్యాండిడ్’ అని అదనంగా డబ్బులిచ్చి కొనుక్కుంటున్న నమ్మకం కూడా ఇదే.

ఇదే ముడి గురించి రొలాఁ బార్త్ 1980లో వచ్చిన తన ఫోటోగ్రఫీ పుస్తకం ‘కెమెరా లూసిడా’లో రాశాడు. లెన్స్ తనని చూస్తోందని తెలిసిన క్షణంలో తను మారిపోతానని, అప్పటికప్పుడు ఇంకో ఒళ్ళు తయారు చేసుకుంటానని ఆయన ఫిర్యాదు. కానీ ఆ పుస్తకానికి ప్రాణం ఆయన కాదు, వాళ్ళమ్మ. ఆవిడ కెమెరాకి దొరక్కుండా పోలేదు, దానితో కుస్తీ పట్టలేదు. నిదానంగా తనని తాను అప్పగించింది. ఆవిడకి అయిదేళ్ళప్పుడు, 1898లో తీసిన ఫోటోలో బార్త్‌కి తన తల్లి దొరికింది. అది దొంగచాటుగా తీసింది కాదు, అన్నతో కలిసి నిలబడి దిగింది. పుస్తకంలో అన్ని ఫోటోలు వేసి అదొక్కటీ వేయలేదాయన.

మన వైపు కూడా దిగడానికి ఒక చరిత్ర ఉంది. రాజా దీన్ దయాళ్ 1892లో హైదరాబాదులో ఆడవాళ్ళ కోసం జనానా స్టూడియో తెరిచారు. పరదాలో ఉండే స్త్రీలు అక్కడ కెమెరా ముందుకి రావచ్చు. కెమెరా వెనక ఉండేది కెన్నీ-లెవిక్ అనే బ్రిటిష్ మహిళ. అంటే, ఎవరు చూస్తున్నారో దిగేవాళ్ళకి తెలుసు. మన తాతమ్మల ఫోటోల్లో టీపాయ్ మీద ఆనించిన చెయ్యి, వెనక పెయింటింగ్ తెర చూసి మనం నవ్వుతాం గానీ, వాళ్ళు అక్కడికి కోరి వచ్చారు. చీర ఎంచుకుని వచ్చారు.

నేనైతే ఫోన్ కెమెరాని కూడా పూర్తిగా తిట్టను. సెల్ఫీలో ముక్కు పెద్దదవడం ముక్కు తప్పు కాదు. చేతి దూరం నుంచి తీస్తే దగ్గరున్నది పెద్దగా కనిపిస్తుంది, అంతే. రెండడుగులు వెనక్కెళ్ళి జూమ్ చేస్తే సరి. ఇంకొకటి, మనకి అద్దంలో మొహం అలవాటు, స్నేహితులకి అసలుది. 1977 నాటి ఒక అధ్యయనంలో మనుషులు తమ అద్దపు బొమ్మనీ, స్నేహితులు దానికి తిరగేసినదాన్నీ ఎక్కువగా ఇష్టపడ్డారు. మనకి నచ్చని ఫోటో వాళ్ళకి నచ్చడంలో మొహమాటమేం లేకపోవచ్చు.

సినిమా మీద కోపం లేదు నాకు. అరకుని అంత తీరిగ్గా చూపించిన సినిమా నేనింకోటి చూడలేదు, బిజిబల్ సంగీతం ఇప్పటికీ వింటూనే ఉంటాను. కానీ నా తలలో ఆడే సినిమాలో జ్యోతి మళ్ళీ ఆ స్టూడియోకే వస్తుంది. అదే స్టూలు, అవే లైట్లు. మహేష్ ఈసారి గడ్డం గురించి మాట్లాడడు, కాలేజీ ఎలా ఉందని అడుగుతాడు. ఆమె చెబుతూ చెబుతూ తనే గడ్డం కాస్త దించి, “ఇప్పుడు తియ్యండి” అంటుంది.