పాత స్పోర్ట్స్ కారుకు ఇంటి దగ్గరే మరమ్మతు: బెంగళూరు అనుభవం నేర్పే పద్ధతి

తయారీ ఆగిపోయిన కారును నడిచే స్థితిలో నిలబెట్టుకోవాలంటే, కొత్త సామాను కొని బిగించడం కంటే లోపం ఎక్కడుందో సరిగ్గా తేల్చడం ముఖ్యం. బెంగళూరులో ఈ విద్యకు ప్రత్యేకమైన అవసరం ఉంది. ఈ నగరంతో ముడిపడిన రెండు ఫైబర్‌గ్లాస్ కార్లు ఇప్పుడు యజమానుల శ్రద్ధ మీదే బతుకుతున్నాయి.

మొదటిది 1982లో మార్కెట్లోకి వచ్చిన సిపానీ డాల్ఫిన్. బ్రిటన్‌కు చెందిన రిలయంట్ కిటెన్ దీనికి మాతృక. 848 సీసీ అల్యూమినియం ఇంజను, వెనక చక్రాలకు డ్రైవు, ఫైబర్‌గ్లాస్ బాడీ. చిన్న కుటుంబాల కోసం తయారైనా, బరువు బాగా తక్కువ కావడంతో ర్యాలీల్లోనూ రేసుల్లోనూ పేరు తెచ్చుకుంది. రెండోది 1990ల చివర్లో వచ్చిన శాన్ స్టార్మ్. బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో రైలింజన్లు తయారుచేసే శాన్ సంస్థ అనుబంధ కంపెనీ దీన్ని గోవాలో నిర్మించింది. రెండు సీట్లు, తీసేయగలిగే పైకప్పు, రెనో వారి 1149 సీసీ ఇంజను దీని స్వరూపం. ఈ రెంటికీ ఇప్పుడు షోరూమూ లేదు, కంపెనీ విడిభాగాల సరఫరా లేదు.

పని మొదలుపెట్టే ముందు

నగరంలోని బొమ్మనహళ్ళి లాంటి పేటల్లో ఇంటి కింది పార్కింగే షెడ్డు. ఆ కాస్త చోటులో పని భద్రంగా సాగాలంటే నేల సమతలంగా ఉండాలి, గాలి ఆడాలి. జాకీ బండిని ఎత్తడానికే తప్ప ఎత్తి నిలబెట్టడానికి పనికిరాదు. ఎత్తాక స్టాండ్లు పెట్టాలి, నేలమీదున్న చక్రాలకు అడ్డు వేయాలి. పెట్రోలు పని ఉన్నప్పుడు ముందుగా బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయాలి. పాత బ్రేకు షూల దుమ్ములో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది కనుక దాన్ని ఊదకుండా తడిగుడ్డతో తుడవాలి.

పరీక్షల వరుసకు రెండు నియమాలున్నాయి. ఏదీ విప్పనవసరం లేని, ఖర్చులేని పరీక్ష ముందు చేయాలి. ఒకసారికి ఒక్క మార్పే చేసి, ఫలితాన్ని నోటు పుస్తకంలో రాసుకోవాలి. మూడు మార్పులు ఒకేసారి చేస్తే బండి బాగుపడినా, దేనివల్ల బాగుపడిందో తెలియదు.

స్టార్టు కాని బండి

మొదట చూడాల్సింది కరెంటు. పూర్తిగా చార్జయి, కాసేపు కదపకుండా ఉంచిన బ్యాటరీ మల్టీమీటరులో దాదాపు 12.6 వోల్టులు చూపిస్తుంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు అది 9.6 కంటే దిగకూడదు. ఇంజను నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.5 మధ్య ఉంటే ఆల్టర్నేటరు పనిచేస్తున్నట్టే.

ఫైబర్‌గ్లాస్ బండిలో ఎర్త్ విషయం మరింత జాగ్రత్తగా చూడాలి. రేకు బాడీ కార్లలో బాడీయే ఎర్త్‌గా పనిచేస్తుంది. ఫైబర్‌లో కరెంటు పారదు కాబట్టి ప్రతి లైటుకూ, మోటారుకూ ఎర్త్ కోసం వేరే వైరు ఉంటుంది. ఆ వైరు చివర తుప్పు పట్టిందంటే లైట్లు మసకబారతాయి, మీటర్లు తప్పు చూపిస్తాయి. లైటు వెలుగుతుండగా దాని ఎర్త్ కొసకూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య వోల్టేజి కొలవాలి. అది 0.2 వోల్టులు దాటితే ఆ దారిలో ఎక్కడో తుప్పు ఉన్నట్టు. గీకి, బిగిస్తే చాలు.

సెల్ఫ్ బాగా తిరుగుతున్నా ఇంజను అందుకోకపోతే ప్లగ్గు నిప్పు, పెట్రోలు, కంప్రెషన్ అనే మూడింటిని ఇదే వరుసలో చూడాలి. నిప్పు నీలంగా, బలంగా ఉండాలి. పాయింట్లున్న పాత డిస్ట్రిబ్యూటరులో ఆ పాయింట్ల గ్యాపు, కండెన్సరు తరచు కారణమవుతాయి. స్టార్మ్‌లాంటి ఇంజెక్షన్ బండిలో తాళం తిప్పగానే పెట్రోలు పంపు క్షణంపాటు మోగాలి. మోగకపోతే ఫ్యూజు, రిలే, ఎర్త్ చూశాకే పంపును అనుమానించాలి.

కంప్రెషన్ కొలవడానికి ప్లగ్గులన్నీ తీసి, యాక్సిలరేటరు పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొట్టాలి. సిలిండర్ల మధ్య తేడా పదిహేను శాతం మించకూడదు. తక్కువ చూపిన సిలిండరులో చెంచాడు ఇంజనాయిలు పోసి మళ్ళీ కొలవాలి. రీడింగు పెరిగితే రింగులు అరిగాయి, పెరగకపోతే వాల్వులు సరిగా మూసుకోవడం లేదు. పక్కపక్క సిలిండర్లు రెండూ తక్కువ చూపితే హెడ్ గ్యాస్కెట్ వాటి మధ్య కాలి ఉండవచ్చు. ఇంజను విప్పకుండానే దాని లోపలి స్థితిని చెప్పే పరీక్ష ఇది.

ఎత్తైన ఊరు, ఇథనాల్ పెట్రోలు

బెంగళూరు సముద్రమట్టానికి దాదాపు 920 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడి గాలి పీడనం తీర ప్రాంతం కంటే పదో వంతు తక్కువ. చెన్నైలోనో విశాఖలోనో ట్యూన్ చేసిన కార్బురేటరు బండి ఇక్కడ గాలికి మించి పెట్రోలు తాగుతుంది. ప్లగ్గు నల్లగా మసిబారుతుంది, పికప్ తగ్గుతుంది. సరైన మిశ్రమంతో నడిచిన ప్లగ్గు లేత గోధుమ రంగులో ఉంటుంది. పెట్రోలు తక్కువైతే తెల్లబడుతుంది.

దీనికి తోడైన కొత్త మార్పు ఇథనాల్. ఇరవై శాతం ఇథనాల్ కలిపిన ఇ20 పెట్రోలును 2023 ఫిబ్రవరిలో బెంగళూరులోనే ప్రారంభించారు. ఒక కిలో మామూలు పెట్రోలు కాలడానికి 14.7 కిలోల గాలి కావాలి. ఇ20కి దాదాపు 13.5 కిలోలు చాలు. అంటే కార్బురేటరులోని అదే జెట్టుతో మిశ్రమం పలచబడుతుంది. ఎత్తు వల్ల కలిగే ప్రభావాన్ని ఇథనాల్ కొంత తగ్గిస్తుంది. అందుకే పాత పుస్తకంలోని జెట్టు నంబరు కంటే ప్లగ్గు రంగునే నమ్మాలి. ఇథనాల్ పాత రబ్బరును ఉబ్బించి పగలగొడుతుంది, గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కాబట్టి పెట్రోలు పైపులు, పంపు డయాఫ్రం ఇథనాల్‌ను తట్టుకునే రకానికి మార్చాలి. నెలల తరబడి కదలని బండి ట్యాంకులో పెట్రోలు నిల్వ ఉంచకూడదు.

వేడి, బెల్టు, బ్రేకులు

సిల్క్‌బోర్డు కూడలి నుంచి హోసూరు రోడ్డు మీద బొమ్మనహళ్ళి దాకా ఆగి ఆగి సాగే ప్రయాణం కూలింగ్ వ్యవస్థకు కఠిన పరీక్ష. వేగంగా వెళ్ళేటప్పుడు చల్లగా ఉండి, ట్రాఫిక్‌లో మాత్రమే వేడెక్కే బండిలో ఫ్యాను లేదా దాని స్విచ్చు పనిచేయడం లేదని అర్థం. వేగంలోనే వేడెక్కితే రేడియేటరు పూడుకుపోయి ఉండవచ్చు. రెండు సందర్భాల్లోనూ వేడెక్కితే థర్మోస్టాట్, వాటర్ పంపు చూడాలి. డాల్ఫిన్ ఇంజను అల్యూమినియం కనుక ఒక్కసారి బాగా వేడెక్కినా హెడ్ వంగిపోవచ్చు. బోరు నీళ్ళలోని సున్నం రేడియేటరులో గట్టిపడుతుంది కాబట్టి డిస్టిల్డ్ వాటరు కలిపిన కూలెంటే పోయాలి.

చరిత్ర తెలియని స్టార్మ్ కొన్నప్పుడు మొదట మార్చాల్సింది టైమింగ్ బెల్టు. పైకి బాగున్న బెల్టు కూడా ఏళ్ళు గడిచేకొద్దీ బలం కోల్పోతుంది.

ఇథనాల్ లాగే బ్రేకు ఆయిలు కూడా తేమను పీలుస్తుంది. డాట్ 4 ప్రమాణం ప్రకారం కొత్త ఆయిలు కనీసం 230 డిగ్రీల దగ్గర మరిగితే, నీరు చేరిన ఆయిలు 155 డిగ్రీలకే మరిగిపోవచ్చు. అప్పుడు పెడలు మెత్తబడి బ్రేకు అందదు. రెండేళ్ళకోసారి ఆయిలు మార్చడం ఇంట్లోనే చేయగల ప్రాణరక్షణ.

ఫైబర్ బాడీ

ఫైబర్‌గ్లాస్ తుప్పు పట్టదు. దాని కింది ఇనుప చాసిస్ మాత్రం పడుతుంది. బాడీ మెరుపు చూసి మోసపోకుండా కొనేముందు కింద పడుకుని చాసిస్‌ను సుత్తితో తట్టి చూడాలి. ఖణేల్మంటే ఇనుము గట్టిగా ఉన్నట్టు. డొల్ల చప్పుడు వస్తే అక్కడ వెల్డింగు అవసరం.

బాడీలో పగులు వస్తే పుట్టీ పూయడం మరమ్మతు కాదు. పగులు కొసల్లో చిన్న రంధ్రం వేస్తే అది పాకడం ఆగుతుంది. తర్వాత అంచులను వాలుగా అరగదీయాలి. మందానికి పన్నెండు రెట్ల వెడల్పున వాలు ఉంటే అతుకు గట్టిగా పట్టుకుంటుంది. మూడు మిల్లీమీటర్ల మందానికి ఇటు 36, అటు 36 మిల్లీమీటర్లు. పొరలు పొరలుగా గ్లాస్ మ్యాట్ పరిచి, ఒకటి నుంచి రెండు శాతం హార్డెనరు కలిపిన రెజిన్ పట్టించాలి. చలికాలం రాత్రుల్లో రెజిన్ త్వరగా గట్టిపడదు కనుక పని మధ్యాహ్నం పెట్టుకోవాలి. అరగదీసేటప్పుడు మాస్కు తప్పనిసరి.

విడిభాగాలు

కంపెనీ పోయినా చాలా భాగాలు పోవు. బేరింగులు, ఆయిల్ సీళ్ళు, బెల్టులు అంతర్జాతీయ కొలతల్లో ఉంటాయి. బేరింగు మీద 6205 అని ఉంటే చివరి రెండంకెలను అయిదుతో గుణిస్తే లోపలి వ్యాసం 25 మిల్లీమీటర్లని తేలుతుంది. సీలుకు లోపలి వ్యాసం, బయటి వ్యాసం, వెడల్పు కొలిస్తే చాలు. కారు పేరు చెప్పి లేదనిపించుకున్న భాగం కొలత చెప్తే జె.సి. రోడ్డులో దొరకవచ్చు. అక్కడా లేకపోతే శివాజీనగర్ గుజరీలో వెతకాలి. బుష్షులు, షాఫ్టులు లేత్ మీద చేయించుకోవచ్చు. హెడ్ ప్లేనింగు, క్రాంకు గ్రైండింగు, చాసిస్ వెల్డింగు మాత్రం పనితెలిసినవారికే వదలాలి.

చట్టం, విలువ

సొంత కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్ళకు ముగుస్తుంది. తర్వాత అయిదేళ్ళకోసారి ఆర్టీఓ తనిఖీతో పొడిగించుకోవాలి. ఇరవై ఏళ్ళు దాటిన కార్లకు ఈ రుసుము 2025 ఆగస్టులో 10,000 రూపాయలకు పెరిగింది. వేరే ఇంజను బిగించాలంటే ముందస్తు అనుమతి కావాలి. యాభై ఏళ్ళు నిండితే వింటేజ్ హోదా వస్తుంది. తొలి డాల్ఫిన్లకు ఆ అర్హత 2032లో మొదలవుతుంది.

అప్పటిదాకా ఈ కార్లను నిలబెట్టేది పద్ధతిగా చేసే ఇంటి మరమ్మతే. వీటిలో ప్రతి వైరూ, ప్రతి పైపూ కంటికి కనిపిస్తుంది, చేతికి అందుతుంది. మల్టీమీటరు, కంప్రెషన్ గేజి, నాలుగు పానాలు, ఒక నోటు పుస్తకం ఉన్నవారెవరైనా ఇంజను శాస్త్రాన్ని వీటి మీద ప్రత్యక్షంగా నేర్చుకోవచ్చు. మన దేశం సొంతంగా స్పోర్ట్స్ కారు కట్టడానికి చేసిన తొలి ప్రయత్నాల్లో ఒకటైన స్టార్మ్, ఫైబర్ బాడీతో తేలిక కారు సాధ్యమని చూపిన డాల్ఫిన్ మ్యూజియంలో నిలబడితే రూపమే మిగులుతుంది. రోడ్డు మీద నడిస్తే వాటి నిర్మాణ జ్ఞానం కూడా మిగులుతుంది. యజమాని నోటు పుస్తకంలో రాసిన కొలతలు, సామాను నంబర్లు తర్వాతి యజమానికి బండితోపాటు అందాలి. తయారీ సంస్థ సర్వీసు పుస్తకం దొరకని చోట అదే సర్వీసు పుస్తకం.