ముందు గజ్జె, తర్వాతే మొహం

రాకెట్టు ఎగిరే రోజున మా సూళ్లూరుపేట జనమంతా శ్రీహరికోట దిక్కుకు తిరిగి నిలబడతారు. నాలుగు నిమిషాలు చూసి, చప్పట్లు కొట్టి ఇళ్లకు పోతారు. నేనూ కొడతాను. కానీ రాత్రి పదింటికి చాప పరుచుకున్న మనిషిని తెల్లారేదాకా లేవనీయని విద్య ఒకటుంది. దాన్ని చూడాలంటే పడమరగా పుత్తూరు, నగరి వైపు ధర్మరాజుల గుళ్లకు పోవాలి. పద్దెనిమిది నాళ్ల భారతం అక్కడ. పగలు హరికథ, రాత్రి వీధి నాటకం.

ఇది తమిళదేశంలోని చెంజి వైపు నుంచి వచ్చిందంటారు. అటువాళ్లు తెరుక్కూత్తు అంటారు, ద్రౌపదమ్మే ఇద్దరికీ దేవత. కిరీటం, భుజకీర్తులు తేలిక కర్రతో చేసి అద్దం ముక్కలు, రంగు కాగితాలు అతికిస్తారు. పూర్వం మొహానికి అర్దళం పూసేవారట.

అసలు పనితనం పాత్ర ప్రవేశంలో ఉంది. ఇద్దరు మనుషులు తెర పట్టుకుంటారు. దాని వెనక దుర్యోధనుడు. ముందు మనకు వినపడేది గజ్జె. తర్వాత తెర పైన కిరీటం అంచు కదులుతుంది. ప్రవేశ దరువు మొదలవుతుంది, వంతగాళ్లు అందుకుంటారు, ముఖవీణ పైస్థాయిలో అరుస్తుంది, మృదంగం వేడెక్కుతుంది. మొహం మాత్రం కనపడదు. పిల్లలు ముందుకు జరుగుతారు, ముసలివాళ్లు మెడ సాచుతారు. ఇక ఆపలేం అన్నప్పుడు తెర తీస్తారు! ఆ ఊపులోనే వేషగాడు రంగస్థలం చుట్టూ గిరికీలు కొడతాడు. నడుం చుట్టూ గుడ్డ గొడుగులా విచ్చుకుంటుంది. అంత బరువు నెత్తిన పెట్టుకుని తిరిగి తిరిగి, ఆగిన చోటే, ఆయాసం వినపడనీయకుండా దరువు ఎత్తుకోవాలి. పదేళ్లు గురువు వెంట తిరిగినవాడికి గాని ఆ శ్వాస నిలవదు.

వస్త్రాపహరణం రాత్రి ఇంకో రకం. దుశ్శాసనుడి వేషగాడు ద్రౌపది కొంగు పట్టే ముందు కర్పూరం వెలిగించి, చెంపలేసుకుని, తల్లీ క్షమించమని మొక్కుతాడు. ఆ మరుక్షణమే మీసం తిప్పి మీదికి దూకుతాడు. ఆ రెండింటి మధ్య రెప్పపాటు కూడా ఉండదు. నటనలో ఇంతకన్నా కష్టమైన మలుపు నాకు తెలియదు. ద్రౌపది వేషం కట్టినవాడు మగవాడని తెలిసీ ఆడవాళ్లు హారతి పడతారు.

అర్జునుడి తపస్సు రోజున ఊరే నాటకంలోకి వస్తుంది. పొడవాటి తపస్సు మాను నాటుతారు. అర్జునుడు మెట్టుమెట్టుకూ పాడుతూ ఎక్కుతాడు. పిల్లల కోసం మొక్కుకున్న ఆడవాళ్లు తడిబట్టలతో కింద వరపడతారు. పైనుంచి ఆయన విసిరే నిమ్మకాయకూ, విభూదికీ కొంగు పడతారు. చివరి రోజు నేల మీద మట్టితో చేసిన దుర్యోధనుడు, కొండంత మనిషి. భీముడు తరుముతాడు, దుర్యోధనుడు ఆ బొమ్మ చుట్టూ పరుగెడతాడు. గద తొడ మీద పడగానే దాచి ఉంచిన ఎర్రనీళ్లు చిమ్ముతాయి, ద్రౌపది జుట్టు ముడుస్తుంది. సాయంత్రం గుండం తొక్కడం. కోస్తావాళ్లు పద్యానికి వన్స్‌మోర్ కొట్టి అదే రసికత అనుకుంటారు. మావాళ్లు నిప్పుల మీద నడుస్తారు.

కోపం తెచ్చుకోకండి, కోస్తావాళ్ల గొప్ప నేనూ ఒప్పుకుంటాను. ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) ఐదు తాళాలు ఒకేసారి ఒంటితో వేసి పంచముఖి చూపించినవాడు. అంతటివాణ్ని హరికథలోకి లాగింది మాత్రం మద్రాసు నుంచి వెళ్లిన కుప్పుస్వామి నాయుడి కథ అని మరవొద్దు. కూచిపూడి వేదాంతం సత్యనారాయణశర్మ సత్యభామ వేషం కట్టి జడ ముందుకు వేసుకుంటే, ఆయన మగవాడని ముందే చెప్పినా నమ్మనివాళ్లు ఉండేవారు. 1970లో పద్మశ్రీ ఇచ్చారు. మాచుపల్లి కైఫీయతులో, అంటే ఆ ఊరి పాత చరిత్ర రాతలో, ఉన్న కథయితే మన సీమదే. సిద్ధవటం ఏలే సమ్మెట గురవరాజు ఆడవాళ్లను పెట్టే హింస చూసిన కూచిపూడి భాగవతులు విజయనగరం పోయి, వీర నరసింహరాయల ఎదుట ఆ హింసనే వేషం కట్టి ఆడారు. రాయలకు అర్థమైంది. సైన్యం కదిలింది, గురవరాజు తల తెగింది. అర్జీ పెట్టుకుంటే ఆ పని అయ్యేదా?

అయితే కూచిపూడికి అకాడమీలున్నాయి, సిలబస్సులున్నాయి, అమెరికాలో బడులున్నాయి. వీధి నాటకానికి ఏముంది? తిరునాళ్ల కరపత్రంలో అడుగున ఒక వరుస. పైన పెద్దక్షరాల్లో డాన్స్ బేబీ డాన్స్! నాటకం ఆడుతుండగానే పక్క సందులో డీజే పెట్టి ఊదరగొట్టే ఊళ్లు చూశాను. ద్రౌపది ఏడుస్తుంటే సినిమా పాట ఆమె నోట్లోంచి వచ్చినట్టుంటుంది. దానికి తట్టుకోలేక కొన్ని బృందాలు తామే కీబోర్డు తెచ్చుకున్నాయి, ముఖవీణను ఇంట్లో వదిలేశాయి. తెల్లారేదాకా సాగాల్సిన ఆట పన్నెండుకల్లా ముగుస్తోంది. తెర పట్టే ఇద్దరు మనుషులకు కూలీ దండగని, వేషగాడు పక్క నుంచి నడిచి వచ్చేస్తున్నాడు, బస్సు దిగినట్టు. ప్లాస్టిక్ కిరీటం పెట్టుకున్న దుర్యోధనుణ్ని చూసి ఎవడు భయపడతాడు? టీవీ భారతం చూసి డైలాగు బట్టీ పట్టినవాడికి దరువు ఎక్కడ ఎత్తుకోవాలో తెలియదు, వంతగాడికి ఎక్కడ అందుకోవాలో అంతకన్నా తెలియదు. దాన్ని కూడా భారతమనే అంటున్నారు, మనమూ ఊరుకుంటున్నాం.

గుడి కమిటీ పెద్దలారా, వచ్చే ఎండాకాలం పందిరికి గుంజలు పాతకముందే నాటకం వాళ్లకు బయానా ఇవ్వండి. డాన్సు ట్రూపుకు ఇచ్చేదాంట్లో సగమైనా ఇవ్వండి. తెర పట్టే ఇద్దరి కూలీ లెక్కలో రాయండి. ముఖవీణ వాయించేవాడు మీ చుట్టుపక్కల ఎక్కడ బతికున్నా బండి పంపి పిలిపించండి. ఆట జరిగినన్ని రాత్రులూ ఆ డీజే వైరు పీకేయండి. అడిగినవాడికి నా పేరు చెప్పండి.